కారు ముందు అద్దం పగిలితే కంపెనీ గ్లాసా, బయటి గ్లాసా? బెంగళూరులో ఎలా తేల్చుకోవాలి

పండక్కి బెంగళూరు నుంచి అనంతపురం వైపు వెళ్లే కార్లకు చిక్కబళ్లాపురం చుట్టుపక్కల ఒక గండం ఉంటుంది. అక్కడి క్వారీల నుంచి కంకర వేసుకొచ్చే టిప్పర్ వెనక పడ్డారంటే ముందు అద్దానికి టప్పుమని రాయి తగలడానికి ఎంతోసేపు పట్టదు. ఆ తర్వాత షోరూంలో అడిగితే ఒక రేటు, బెంగళూరు స్పేర్ పార్టుల బజారైన జేసీ రోడ్డులో అడిగితే ఇంకో రేటు. రెండిటి మధ్య తేడా చూశాక అసలు టెన్షన్ మొదలవుతుంది.

నన్నడిగితే, అద్దం మీద కారు కంపెనీ ఎంబ్లం ఉందా లేదా అన్నది మూడో ప్రశ్న. దాన్ని ఎవరు తయారుచేశారు, ఎవరు అతికిస్తున్నారు అన్నవి మొదటి రెండు.

మార్చాల్సిందేనా, ముందు చూడండి

ముందు అద్దం ఒక్క గాజు పలక కాదు. రెండు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. అందుకే రాయి తగిలినా అది పొడిపొడిగా రాలదు, పగుళ్లు పట్టి నిలబడుతుంది. దెబ్బ రూపాయి బిళ్లంతే ఉండి, పై పలకకే తగిలి, డ్రైవర్ చూపుకు ఎదురుగా లేకపోతే రెజిన్ అనే పారదర్శకమైన జిగురు నింపి పగులును ఆపేయొచ్చు. దుమ్మూ నీళ్లూ దూరకముందే చేయించాలి. అప్పటిదాకా దానిమీద పారదర్శకమైన టేపు ముక్క అంటించండి, ఎండలో కాగిన అద్దం మీదికి ఏసీ గాలి వదలకండి. పగులు అంచు దాకా పాకితే మాత్రం మార్చడమే.

పాత అద్దం మూలన ఏముందో చదవండి

కారు కంపెనీలు గాజు తయారుచేయవు. మన దేశంలో అమ్ముడయ్యే కార్లకు అసాహి ఇండియా (ఏఐఎస్), సెయింట్-గోబైన్ సెక్యురిట్ లాంటి సంస్థలే ఎక్కువగా సరఫరా చేస్తాయి. కాబట్టి బజారులో మీకు దొరికేవి మూడు రకాలు: కారు కంపెనీ ఎంబ్లంతో వచ్చేది, అదే తయారీదారు ఎంబ్లం లేకుండా అమ్మేది, వేరే తయారీదారుది.

అద్దం కింది మూలన చిన్న ముద్ర ఉంటుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే ప్రమాణం సంఖ్య, లైసెన్సు నంబరు, లామినేటెడ్ అన్న మాట కనిపిస్తాయి. పక్కన ఒక అంకె, కొన్ని చుక్కలు ఉంటే అవి తయారైన ఏడాదీ నెలా. వాటిని లెక్కపెట్టే పద్ధతి తయారీదారును బట్టి మారుతుంది.

సెకండ్ హ్యాండ్ కారైతే ముందు అద్దాన్ని ఇదివరకే మార్చేసి ఉండొచ్చు. అప్పుడు పక్క తలుపుల అద్దాల మీది ముద్రలు చూడండి. నాలుగింటి మీదా ఒకే పేరుండి ముందు అద్దం మీద మాత్రం వేరే పేరుంటే, అది మధ్యలో వచ్చిందేనని అనుమానించాలి.

జేసీ రోడ్డులో తెలుగు మాట్లాడే కుర్రాళ్లకు కొదవ లేదు. "అన్నా, ఇదీ కంపెనీ మాలే, ఎంబ్లం ఒక్కటే లేదు" అంటారు. అది నిజమూ కావచ్చు, అమ్ముకునే మాటా కావచ్చు. ఫోన్‌లో ఉన్న పాత ముద్ర ఫొటోను కొత్త అద్దం మూల పక్కన పెడితే నిమిషంలో తేలిపోతుంది. అసలు ఐఎస్ఐ గుర్తే లేకపోతే ఇక బేరమాడకుండా వచ్చేయండి.

మీ అద్దంలో దాగున్నవి రాసుకోండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రెండు అద్దాలు చూడ్డానికి ఒకేలా ఉన్నా, ఒకదానిలో వాన సెన్సర్ కూర్చునే చోటు, పైన నీలం పట్టీ, వేడి తగ్గించే పొర, చప్పుడు తగ్గించే పొర, యాంటెన్నా తీగ ఉండొచ్చు. హెడ్స్-అప్ డిస్‌ప్లే (స్పీడు లాంటి అంకెలు ముందు అద్దం మీదే కనిపించే ఏర్పాటు) ఉన్న కార్లలో మధ్య పొరే పైనుంచి కిందికి మందం మారుతూ ఉంటుంది. దాని బదులు మామూలుది వేస్తే అంకెలు రెండేసి కనిపిస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది అడాస్, అంటే డ్రైవర్‌కు సాయపడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, వాడే కెమెరా. ఎక్స్‌యూవీ 700, హోండా సిటీ, వెర్నా లాంటి కార్లలో ఈ సదుపాయమున్న వేరియంట్లకు వెనక చూసే అద్దం దగ్గర, విండ్‌షీల్డ్ లోపలివైపు కెమెరా ఉంటుంది. లేన్ గీతనూ ముందు బండినీ చూసేది అదే. దాని బ్రాకెట్ కొద్దిగా పక్కకున్నా, ఆ చోట గాజులో వంకర ఉన్నా కెమెరా లెక్క తప్పుతుంది. అద్దం మార్చాక కెమెరాను క్యాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపును మళ్లీ సరిచేయాలి, దానికి టార్గెట్ బోర్డులూ కంపెనీ స్కానరూ కావాల్సి రావచ్చు. అందుకే కెమెరా ఉన్న కారుకు నేనైతే ఎంబ్లం ఉన్న గ్లాసే, షోరూంలోనే వేయిస్తాను. మిగిల్చే డబ్బు ఆ రిస్కుకు చాలదు.

ఏ హంగూ లేని పాత ఆల్టో, స్విఫ్ట్ లాంటి వాటికి అంత అవసరం లేదు. అదే తయారీదారు ఎంబ్లం లేని గ్లాసు హాయిగా సరిపోతుంది. పేరున్న వేరే తయారీదారుది కూడా, ముద్ర సరిగా ఉంటే, తీసిపారేయాల్సింది కాదు.

ఇన్సూరెన్స్ వాడాలా? కాగితం మీద లెక్కేయండి

కాంప్రహెన్సివ్ పాలసీలో గాజు భాగాలకు తరుగుదల కోత ఉండదు. కానీ 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు, ఆపైన 2,000 తప్పనిసరిగా మీరే పెట్టుకోవాలి. కన్స్యూమబుల్స్ (జిగురు, ఆయిల్ లాంటి వాడి పారేసే సరుకు) యాడ్-ఆన్ లేకపోతే అతికించే జిగురు ఖర్చు కూడా మీ నెత్తినే పడొచ్చు.

అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) మీద, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు మీద. మీ సొంత డ్యామేజీ ప్రీమియం 10,000 అనుకుందాం, వచ్చే రెన్యువల్‌కు 45 శాతం బోనస్ రావాలి. క్లెయిమ్ చేస్తే ఆ 4,500 పోతుంది, మళ్లీ 20 శాతం నుంచి ఎక్కాలి. బిల్లు 6,000 అయితే చేతికొచ్చేది 5,000 లోపే. ఆ మాత్రానికి క్లెయిమ్ దండగ. బిల్లు పాతికా ముప్పై వేలైతే సందేహం లేకుండా క్లెయిమ్ చేయండి. క్లెయిమ్ చేసినా బోనస్ నిలిపే ఎన్‌సీబీ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉంటే ఈ లెక్కంతా అక్కర్లేదు. క్లెయిమ్ చేస్తుంటే సర్వేయర్ చూసేదాకా పాత అద్దం తీయించొద్దు. ఏ బ్రాండు గ్లాసు వేస్తారో ఎస్టిమేట్‌లో రాయించుకోండి.

బిగించకముందే పరీక్షించండి

కొత్త అద్దాన్ని స్టాండ్ మీద నిలబెట్టించి, దాని గుండా దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్నో అపార్ట్‌మెంట్ బాల్కనీ గ్రిల్‌నో చూడండి. తల మెల్లగా అటూ ఇటూ కదపండి. గీత నీళ్లలో పెట్టిన పుల్లలా వంకర పోతే ఆ గ్లాసు వద్దు. అంచుల దగ్గర కాస్త వంకర మామూలే, డ్రైవర్ చూపు పడే చోట ఉండకూడదు. చుట్టూ ఉండే నల్ల పట్టీ పాతదాని వెడల్పే ఉందా చూడండి. కింది జిగురును ఎండ నుంచి కాపాడేది అదే.

"హీట్ కట్" అంటూ మరీ ముదురు రంగు గ్లాసు అంటగడితే ఒప్పుకోకండి. ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలన్నది మోటారు వాహనాల నిబంధన.

అతికించేటప్పుడు పక్కనే ఉండండి

మంచి గ్లాసును చెడ్డ పని పాడుచేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు పక్క సీటుది ఈ అద్దం మీదే ఆనుకుంటుంది, కారు పల్టీ కొడితే పైకప్పును నిలబెట్టడంలోనూ దీనికి పాత్ర ఉంది. కాబట్టి జిగురు యురెథేన్ అయ్యుండాలి. మామూలు సిలికాన్ పనికిరాదు. ట్యూబు మీది గడువు తేదీ అడిగి చూడండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

పాత జిగురును పూర్తిగా చెక్కేయకుండా ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలి దానిమీదే కొత్తది వేయడం సరైన పద్ధతి. కోసేటప్పుడు ఫ్రేము పెయింటు గీసుకుపోతే అక్కడ ప్రైమర్ రాయాలి. లేకపోతే రెండు వానాకాలాల్లో తుప్పు లోపలికి పాకుతుంది. వాన పడుతుంటే షెడ్డు లేని చోట ఈ పని చేయించొద్దు. యురెథేన్ గట్టిపడటానికి గాలిలో తేమ కావాలిగానీ, అతికించే చోటు పొడిగా ఉండాలి.

బండి ఎన్ని గంటలకు తీయొచ్చో ట్యూబు మీద రాసి ఉన్నదాన్నే నమ్మండి. "అరగంటలో వెళ్లిపోవచ్చు సార్" అన్న మాటను కాదు. ఆ రోజుకు టేపులు పీకకండి. తలుపు వేసేటప్పుడు ఒక కిటికీ కొద్దిగా దించి ఉంచండి, లేకపోతే లోపలి గాలి ఒత్తిడి పచ్చి జిగురును తోస్తుంది. రెండు రోజులు ప్రెజర్ వాష్ వద్దు. తర్వాత పైపుతో మెల్లగా నీళ్లు పోయించి, లోపల డ్యాష్‌బోర్డు అంచుల్లో వేలు పెట్టి తడి చూడండి.

పాత అద్దంతో ఫాస్టాగ్ కూడా పోతుంది. పీకి కొత్తదానికి అంటిస్తే పనిచేయదు, పీకగానే లోపలి యాంటెన్నా తెగుతుంది. అద్దం మార్చే రోజే బ్యాంకు యాప్‌లో రీప్లేస్‌మెంట్ ట్యాగ్ ఆర్డర్ పెట్టండి. అది చేతికొచ్చేలోపు బాగేపల్లి టోల్ దాటాల్సొస్తే మామూలు టోల్ కన్నా ఎక్కువ కట్టాల్సిందే.