స్టెల్వియో క్వాడ్రిఫోలియోను వేలంలో అమ్మాలంటే: ఒక విజయనగరం సర్వేయర్ చెప్పే పద్ధతి

ఆన్‌లైన్ వేలంలో పాట పాడేవాళ్లలో చాలామంది బండిని కళ్లతో చూడరు. ఎక్కడో వెయ్యి మైళ్ల అవతల ఫోన్ పట్టుకుని కూర్చుని, ఫొటోలు చూసి, కాగితాలు చదివి ధర కడతారు. వాళ్ల మనసులో ఎన్ని అనుమానాలు మిగిలితే పాట అంత కిందనే ఆగిపోతుంది. అమ్మేవాడి పనల్లా ఆ అనుమానాలను ఒక్కొక్కటిగా తీసేయడమే.

నేను విజయనగరంలో మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్ని. గుద్దుకున్న బళ్లు చూడటం, ఫొటోలు తీయడం, నష్టం లెక్కగట్టి రిపోర్టు రాయడం, బాగుచేయడానికి పనికిరాని బండి అయితే సాల్వేజ్‌కి, అంటే పాడైన బండిని ఉన్నపళంగా అమ్మేయడానికి, రేట్లు తెప్పించడం నా రోజువారీ పని. మా చెల్లి కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. ఇటలీ కంపెనీ ఆల్ఫా రోమియో చేసిన 2018 మోడల్ ఎస్‌యూవీ, స్టెల్వియో క్వాడ్రిఫోలియో, వాడి ముచ్చట. పిల్లలు పుట్టాక పెద్ద బండి కావాల్సి వచ్చి అమ్మేద్దామనుకున్నాడు. "డీలర్ చెప్పిన రేటు వింటే ఏడుపొస్తోంది మావయ్యా, వేలానికి పెడతాను, నువ్వు దగ్గరుండి చూడు" అన్నాడు. వాట్సాప్‌లోనే దగ్గరున్నాను. ఆ అమ్మకం అయ్యాక శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి కూడా తెలిసినవాళ్లు వాళ్ల పిల్లల బళ్ల గురించి అడుగుతున్నారు. అందుకే పద్ధతంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక ప్రశ్న తీర్చేస్తాను, ఎందుకంటే ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు అదే అడుగుతారు: "అంత మంచి బండి అమ్మడం దేనికి, ఇక్కడికే పంపించేయొచ్చుగా?" కుదరదు. మన దేశంలోకి తెచ్చే పాత కారుకి స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై 3 ఏళ్లు దాటకూడదు. అమెరికా బండికి స్టీరింగ్ ఎడమవైపు. ఆ పైన కస్టమ్స్ సుంకం కారు ధరను మించిపోతుంది. ఆల్ఫా రోమియో కంపెనీ ఇక్కడ బళ్లు అమ్మడమే లేదు కాబట్టి స్పేర్లు కూడా దొరకవు. అక్కడే అమ్మాలి.

బండి సంగతి అమ్మేవాడికే బాగా తెలియాలి

స్టెల్వియో అనేది ఇటలీ ఆల్ప్స్ పర్వతాల్లో ఒక కనుమ పేరు. ఒక్కవైపు ఎక్కడానికే 48 హెయిర్‌పిన్ మలుపులు. బండిని 2016లో లాస్ ఏంజిలిస్ ఆటో షోలో చూపించారు. తయారయ్యేది ఇటలీలోని కసీనో ఫ్యాక్టరీలో. మామూలు స్టెల్వియోలో 2.0 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉంటుంది, అమెరికాలో దాని పవర్ 280 హార్స్‌పవర్. క్వాడ్రిఫోలియోలో 2.9 లీటర్ల వి6, రెండు టర్బోలు, 505 హార్స్‌పవర్. సున్నా నుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి 3.6 సెకన్లు చాలని కంపెనీ లెక్క. 2017లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ని 7 నిమిషాల 51.7 సెకన్లలో చుట్టి, అప్పటికి ఎస్‌యూవీల్లో రికార్డు పెట్టింది. క్వాడ్రిఫోలియో అంటే నాలుగాకులని. బండి పక్కన కనిపించే ఆ గుర్తు 1923 నాటిది. ఉగో సివోచ్చి అనే రేసర్ ఆ ఏడాది టార్గా ఫ్లోరియో రేసుకి తన కారు మీద వేయించుకుని గెలిచాడు.

వేలంలో ఎక్కువ పాడేవాళ్లకి ఇదంతా కంఠతా వచ్చు. వాళ్లు వచ్చేది ఈ ఇంజన్ కోసమే. మామూలు స్టెల్వియోకి నాలుగాకుల స్టిక్కర్ అంటించుకుని తిరిగేవాళ్లూ ఉంటారు కాబట్టి, అసలుదని తేల్చే గుర్తులు మొదటి ఫొటోల్లోనే కనిపించాలి: బానెట్ మీద గాలి వెళ్లే తూములు, వెనక నాలుగు సైలెన్సర్ గొట్టాలు, ఇంజన్ కవర్, బండిని గుర్తించే 17 అక్షరాలు, అంకెల విన్ నంబరు. ఆ నంబరు జెడ్ అక్షరంతో మొదలవుతుంది, ఇటలీలో తయారైందని దాని అర్థం.

ధర విషయంలో పిల్లల్ని ముందే సిద్ధం చేయండి. కొత్తప్పుడు దాదాపు 80 వేల డాలర్ల బండి ఇది. కంపెనీ వారంటీ 4 ఏళ్లు లేదా 50 వేల మైళ్లు, ఏది ముందైతే అది. వారంటీ అయిపోయాక కొన్న ధరలో సగం కూడా పలకకపోవడం మామూలే. ఇటలీ బండి, ఏ లైటు ఎప్పుడు వెలుగుతుందో, రిపేరుకి ఎంతవుతుందో అన్న భయం కొనేవాడికి ఉంటుంది. మీరు పెట్టే ప్రతి కాగితం, ప్రతి ఫొటో ఆ భయానికే జవాబు చెప్పాలి.

ఏ వేలం

అమెరికాలో మ్యాన్‌హైమ్ లాంటి పెద్ద వేలాలు డీలర్లకి మాత్రమే. ఇంటి మనిషి నేరుగా వెళ్లి అమ్మలేడు. మీ దగ్గర బండి మార్చుకున్న డీలర్ దాన్ని అక్కడికే పంపొచ్చు, అందుకే మీకిచ్చే రేటులో తన లాభం ముందే తీసేసుకుంటాడు. కోపార్ట్ లాంటివి ఎక్కువగా ఇన్సూరెన్స్ కంపెనీలు వదిలించుకునే బళ్లకి. ఇలాంటి బండికి సరైన చోటు, కారు పిచ్చి ఉన్నవాళ్లు చేరే ఆన్‌లైన్ వేలాలు: బ్రింగ్ ఎ ట్రైలర్, కార్స్ అండ్ బిడ్స్ లాంటివి. వారం రోజుల పాటు పాట నడుస్తుంది. ఫీజుల పేజీ మాత్రం పెట్టే ముందు ఒకసారి శ్రద్ధగా చదవండి, అవి మారుతూ ఉంటాయి.

కాగితాలు

టైటిల్ అంటే బండి యాజమాన్య పత్రం. అది ఎవరి పేరున ఉంది, లోన్ మిగిలి ఉందా అన్నది మొదటి లైన్లలోనే రాయాలి. న్యూజెర్సీలో లోన్ తీరేదాకా టైటిల్ బ్యాంకు దగ్గరే ఉంటుంది. అలాంటప్పుడు ఎంత కడితే తీరిపోతుందో బ్యాంకు నుంచి లెటర్ తెప్పించి ఉంచుకోవాలి.

బండి పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు, సర్వీసు బిల్లులు తేదీల వరసలో పెట్టండి. ఒక బిల్లు పోతే డీలర్‌ని అడిగి మళ్లీ తీయించండి. విన్ నంబరుతో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్స్, అంటే లోపం ఉందని వెనక్కి పిలిచి చేసే రిపేర్లు, ఏమైనా మిగిలాయేమో చూడండి. మిగిలితే డీలర్ దగ్గర ఉచితంగా చేస్తారు, వేలానికి ముందే చేయించేయాలి. చివరిగా, కొత్తప్పుడు కిటికీకి అంటించి వచ్చిన ధర కాగితం. మోన్రోనీ స్టిక్కర్ అంటారు, 1958 చట్టం వల్ల అక్కడ ప్రతి కొత్త కారుకీ ఉంటుంది. బండికి ఏ ఆప్షన్లు ఉన్నాయో అందులోనే తేలుతుంది. ముఖ్యంగా కార్బన్ సిరామిక్ బ్రేకులు ఉన్నాయా, మామూలు ఇనప డిస్కులా అన్నది. సిరామిక్ డిస్కు మార్చాలంటే గుండె ఆగిపోయే ఖర్చు కాబట్టి, అవి ఉంటే డిస్కుల అంచులు దగ్గరగా ఫొటో తీసి పెట్టడం తప్పనిసరి.

ఫొటోలే సగం అమ్మకం

ఇక్కడ నేను కొంచెం ఎక్కువ చెబుతాను, ఇది నా వృత్తి.

మా మేనల్లుడు మొదట పంపిన ఫొటోలు పెళ్లి ఆల్బమ్‌లా ఉన్నాయి. సాయంకాలపు వెలుగు, ఎర్ర రంగు మెరుపు, వెనకాల నది. ఒక్కదానిలోనూ బండి తెలియడం లేదు. మబ్బు పట్టిన రోజు, లేదా సూర్యుడు ఎక్కకముందు, ఖాళీ పార్కింగ్‌లో మళ్లీ తీయించాను. నాలుగు మూలలు, నాలుగు వైపులు, పైకప్పు, ప్రతి తలుపు తెరిచి దాని అంచు, బానెట్ తెరిచి కబ్జాల బోల్టులు. ఆ బోల్టు తలల మీద రంగు చెక్కు చెదరకుండా ఉంటే బానెట్ ఎప్పుడూ విప్పలేదని తెలిసినవాడు ఒక్క చూపులో గుర్తుపడతాడు. పాడేవాళ్లలో అలాంటివాళ్లు ఉంటారు, వాళ్లే పాటని పైకి లేపుతారు.

ప్రతి అద్దం మూల కంపెనీ గుర్తు, తయారీ కోడ్ ఉంటాయి. అన్నీ ఒకే కాలానివైతే అద్దాలు మారలేదు. ముందు అద్దం మారి ఉంటే మారిందని రాయండి, రాళ్లు తగిలి పగలడం అక్కడ సాధారణమే. టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లకీ ఆ అంకెలు కనిపించేలా, పక్కనే ట్రెడ్ (టైరు గాళ్ల) లోతు కొలిచే గేజ్ పెట్టి ఫొటో తీయించాను. ఈ బండి టైర్లు ఖరీదైనవి, త్వరగా అరిగిపోతాయి. కొనేవాడు మొదట వేసే లెక్కల్లో అదొకటి.

బండి కింద ఫొటోలు తప్పనిసరి. న్యూజెర్సీలో మంచు పడితే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఇనుముకి తుప్పు పడుతుంది. దగ్గర్లోని గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి, ముందు నుంచి వెనక్కి వరసగా తీయాలి. ఆయిల్ చెమ్మ ఉంటే తుడిచి తీయొద్దు. ఉన్నది ఉన్నట్టే తీసి, తర్వాత తుడిచి, కొన్నాళ్లు నడిపి మళ్లీ తీయండి. రెండు ఫొటోలూ పెడితే అది పాత మరకో, కారుతున్నదో కొనేవాడికే తెలుస్తుంది.

రాత్రంతా కదలని బండిని ఉదయం స్టార్ట్ చేస్తూ వీడియో తీయాలి, మధ్యలో కత్తిరించకుండా. స్టెల్వియోలో స్టార్ట్ బటన్ స్టీరింగ్ మీదే ఉంటుంది. అది నొక్కడం, మీటర్లో లైట్లన్నీ వెలిగి ఆరిపోవడం, ఇంజన్ శబ్దం, వెనక పొగ, అన్నీ ఒకే షాట్‌లో రావాలి. దీనికి ముందు బ్యాటరీ పరీక్ష చేయించండి. బ్యాటరీ వెనక డిక్కీ అడుగున ఉంటుంది. అది బలహీనపడితే ఈ బండిలో సంబంధం లేని వార్నింగ్ లైట్లు కూడా వెలుగుతాయి. ఆ లైటు వీడియోలో కనబడిందంటే ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు.

లోపం మీరే ముందు చెప్పండి

వెనక బంపర్ మూల పార్కింగ్‌లో ఎవరో గీసి వెళ్లిన గీత ఉంది. "అది కనబడదులే మావయ్యా, ఎందుకు చూపించడం?" అన్నాడు మావాడు. పక్కన స్కేలు పెట్టి తీయమన్నాను. మన పూసపాటిరేగ దగ్గర చింతపల్లి ఒడ్డున చేపల వేలం చూసినవాళ్లకి తెలుసు, మొప్ప ఎత్తి చూపించిన బుట్టకే పాట ముందు లేస్తుంది. గీత ఫొటో పెట్టాక దాని గురించి ఒక్కరూ మళ్లీ అడగలేదు. పైగా "ఇంత చిన్నది కూడా చూపించారు" అని ఒకాయన రాసి, ఆ తర్వాత గట్టిగా పాడాడు.

లోపంలా కనిపించే గుణాలు కూడా కొన్ని ఉంటాయి. చలిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వెనక్కి తీస్తే ముందు టైర్లు ఎగిరెగిరి పడుతున్నట్టు టకటకమంటాయి. స్టీరింగ్ అమరిక, గట్టి సమ్మర్ టైర్లు కలిసి అలా చేస్తాయి. కొత్తగా నడిపి చూసినవాడు యాక్సిల్ పోయిందని కంగారు పడతాడు. ముందే రాసి పెడితే ఆ గొడవ ఉండదు.

రాసే భాష మా సర్వే రిపోర్టులా ఉండాలి. ఎక్కడ, ఎంత పొడవు, ఎంత లోతు. "అద్భుతమైన కండిషన్" అనే మాట ఒక్కసారి కూడా వద్దు.

రిజర్వ్, పాట, ఆఖరి రాత్రి

రిజర్వ్ అంటే ఇంతకన్నా తక్కువకి ఇవ్వను అని ముందే పెట్టుకునే ధర. దాన్ని ఆశతో పెట్టకండి. అదే ఇంజన్, దగ్గర మైలేజీ, దగ్గర మోడల్ బళ్లు ఈమధ్య వేలాల్లో ఎంతకి వెళ్లాయో అన్నీ బయటే కనిపిస్తాయి. వాటిలో తక్కువ వాటి దగ్గరగా రిజర్వ్ పెట్టమని నా సలహా. రిజర్వ్ దాటిందని తెలియగానే జనం నిజంగా పాడటం మొదలుపెడతారు.

స్నేహితులు ప్రేమతో "నేనూ రెండు పాటలు పాడి పెంచుతాలే" అంటారు. ఒప్పుకోకండి. అది మోసం, వేలం రద్దవుతుంది, పిల్లవాడి పేరు పోతుంది.

పాడేవాళ్లు అడిగే ప్రశ్నలకి అదే రోజు జవాబు వెళ్లాలి, వీలైతే ఫొటోతో. న్యూజెర్సీకీ మనకీ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటల తేడా. వాళ్లు నిద్రపోయే వేళకి ఇక్కడ నేను కొత్త ప్రశ్నలు చదివి జవాబు రాసి ఉంచేవాణ్ని, పొద్దున్న లేచి వాడు బండి దగ్గర సరిచూసుకుని పంపేవాడు. ఇంట్లో ఒకరు ఇలా తోడుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. ఇలాంటి వేలాల్లో ఆఖరి క్షణాల్లో కొత్త పాట వస్తే గడియారం మళ్లీ కొంచెం వెనక్కి వెళుతుంది కాబట్టి అసలు పోటీ అప్పుడే. మాకది అర్ధరాత్రి దాటాక వచ్చింది. మా చెల్లి కూడా ఫోన్‌లో మేలుకునే ఉంది. వాడు పెట్టిన రిజర్వ్ దాటి, డీలర్ చెప్పిన రేటు కూడా దాటి పోయింది.

డబ్బు, అప్పగింత

బ్యాంకు వైర్ ద్వారా డబ్బు తీసుకోవడమే మేలు. ఖాతాలో పడిందని బ్యాంకు నోటితో చెప్పించుకున్నాకే తాళాలు ఇవ్వాలి. క్యాషియర్ చెక్ (బ్యాంకే తన పేరున ఇచ్చే చెక్కు) చూపించి, "కాస్త ఎక్కువ పంపాను, తేడా వెనక్కి పంపు" అనేవాడు దొంగ. లోన్ ఉంటే కొనేవాడు నేరుగా మీ బ్యాంకుకే ఆ మొత్తం కట్టేలా, మిగతాది మీకు వచ్చేలా ముందే మాట్లాడుకోండి. టైటిల్ వెనక సంతకంతో పాటు ఓడోమీటర్ రీడింగ్ (బండి తిరిగిన మైళ్లు) కూడా రాయాలి, 2011 మోడల్ నుంచి వచ్చిన బళ్లకి 20 ఏళ్ల దాకా అది చట్టప్రకారం తప్పదు. అప్పగించే నిమిషంలో మీటర్ ఫొటో తీసుకోండి.

బండిలోంచి ఫోన్ జత, నావిగేషన్‌లో ఇంటి అడ్రసు, గ్యారేజీ తలుపు రిమోట్ సెట్టింగ్ తుడిచేయాలి. టోల్ ట్యాగ్ ఊడదీయాలి. రాష్ట్రాన్ని బట్టి మిగతా రూల్స్ మారతాయి. న్యూజెర్సీలో నంబరు ప్లేట్లు బండితో వెళ్లవు. అమ్మినవాడే విప్పి మోటార్ వెహికిల్ కమిషన్‌కి తిరిగి ఇచ్చేసి, రసీదు చేతికి వచ్చాకే ఇన్సూరెన్స్ ఆపించాలి.