లోడ్ బ్యాలెన్సర్ పెట్టాక కూడా సైట్ ఆగుతోందా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో పట్టుచీరల షాపులకూ కోచింగ్ సెంటర్లకూ యాప్‌లు చేసిపెట్టే మన తెలుగు కుర్రాళ్ళకి ఈ టెన్షన్ తరచూ వస్తుంది. లోడ్ బ్యాలెన్సర్ అంటే వచ్చే రిక్వెస్టులని పలు సర్వర్లకు పంచేది. కొత్త సర్వీస్ కొనే ముందు లక్షణం చూడండి.

సమస్య: అప్పుడప్పుడు 502 (సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్). సర్వర్ లాగ్‌లో ఏమీ ఉండదు.
ఇది అందరినీ ఏడిపిస్తుంది, ఎందుకంటే తప్పు బ్యాలెన్సర్‌కీ సర్వర్‌కీ మధ్యలో ఉంది. ఏడబ్ల్యుఎస్ (అమెజాన్ క్లౌడ్) అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ ఖాళీ కనెక్షన్‌ని మనం మార్చకపోతే 60 సెకన్లు తెరిచి ఉంచుతుంది. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్ వెర్షన్లు చాలావరకు 5 సెకన్లకే మూసేస్తాయి. సర్వర్ మూసేస్తున్న క్షణంలోనే బ్యాలెన్సర్ దాని మీద కొత్త రిక్వెస్ట్ పంపితే 502 వస్తుంది. అందుకే రద్దీ వేళ కంటే జనం తక్కువున్నప్పుడు ఎక్కువ కనబడుతుంది.
పరిష్కారం: సర్వర్ కీప్-అలైవ్ సమయం (ఖాళీ కనెక్షన్‌ని తెరిచి ఉంచే సమయం) 65 సెకన్లు చేయండి. హెడర్స్ టైమవుట్ (రిక్వెస్ట్ హెడర్ల కోసం సర్వర్ ఆగే సమయం) దానికన్నా కాస్త ఎక్కువ ఉండాలి. అదనంగా సర్వర్లు కొనక్కర్లేదు.

సమస్య: సర్వర్ నడుస్తున్నా అన్‌హెల్దీ అని చూపిస్తోంది.
హెల్త్ చెక్ (సర్వర్ బాగుందా అని బ్యాలెన్సర్ చేసే పరీక్ష) హోమ్ పేజీకి వెళ్తుంది, అది లాగిన్‌కి మళ్ళిస్తూ 302 ఇస్తుంది, బ్యాలెన్సర్‌కి 200 (అంతా సరే అనే జవాబు) కావాలి. చెక్ కోసం విడిగా చిన్న పేజీ పెట్టండి. అందులో డేటాబేస్‌ని కదపొద్దు. డేటాబేస్ నెమ్మదిస్తే బాగున్న సర్వర్లన్నీ ఒకేసారి అన్‌హెల్దీ అయిపోతాయి.

సమస్య: స్కూల్ బస్సుల జీపీఎస్ డేటా చేరడం లేదు.
చాలా పరికరాలు వెబ్ సైట్లు వాడే హెచ్‌టీటీపీ కాదు, దాని కింది స్థాయి టీసీపీలోనే నేరుగా పంపుతాయి. టీసీపీని అలాగే పంచే ఏడబ్ల్యుఎస్ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ వాడండి. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో అయితే అజూర్ లోడ్ బ్యాలెన్సర్.

సమస్య: రీజియన్ (క్లౌడ్ సర్వర్లు ఉండే ప్రాంతం) మార్చినా కొందరు పాత సర్వర్‌కే వెళ్తున్నారు.
ఏడబ్ల్యుఎస్ రూట్ 53, అజూర్ ట్రాఫిక్ మేనేజర్ సైట్ పేరుకి సర్వర్ అడ్రస్ మాత్రమే చెబుతాయి, ట్రాఫిక్ వాటి గుండా పోదు. ఫోన్లు, నెట్‌వర్క్‌లు పాత అడ్రస్‌ని గుర్తుపెట్టుకుంటాయి. టీటీఎల్ (అడ్రస్‌ని గుర్తుపెట్టుకునే గడువు) 60 సెకన్లకు తగ్గించండి. ఆ ఆలస్యం కూడా కుదరదంటే ట్రాఫిక్‌ని తమ గుండానే పంపే ఏడబ్ల్యుఎస్ గ్లోబల్ యాక్సిలరేటర్ గానీ, అజూర్ ఫ్రంట్ డోర్ గానీ కావాలి.

కానీ కస్టమర్లంతా ఇచ్ఛాపురం నుంచి జయపురం దాకానే ఉంటే ఆ ఖర్చు పెట్టించకండి. ఏడబ్ల్యుఎస్‌కి 2022 నుంచి హైదరాబాద్‌లో రీజియన్ ఉంది. అక్కడే రెండు జోన్లలో (విడివిడి డేటాసెంటర్లలో) సర్వర్లు, ముందు ఒక అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ చాలు.