ఏడాది లేని ఎన్నికల ప్రచార పుస్తకం ఎప్పటిదో ఇలా తేల్చాను

కడపలో పాత పుస్తకాల మూటలో దొరికింది. అట్ట లేదు, అచ్చయిన ఏడాదీ లేదు. కాగితం రంగు చూడడం, అమ్మినాయన్ని అడగడం, నెట్‌లో వెతకడం: ఏదీ పనికి రాలేదు.

ముందు చివరి పేజీలో తుప్పు మరక పక్కన ఉన్న వెల చదివాను. రెండణాలు. అణాల బదులు నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి బహుశా అంతకు ముందుది. తర్వాత లోపల రాజధాని ఏదని ఉందో వెతికాను. కర్నూలు! అంటే అది ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953 అక్టోబర్ 1కీ 1956 నవంబర్ 1కీ మధ్య. అసలు ముడి విప్పింది మాత్రం లోపలి ఒక్క వాక్యం. అప్పటి కాంగ్రెస్ గుర్తు కాడెద్దులకు ఓటేయమంటూ, ముఖ్యమంత్రి ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయిన సంగతి ఎత్తాడు రాసినాయన. అది పడింది 1954 నవంబర్‌లో, ఎన్నికలు 1955 ఫిబ్రవరిలో. ఆ నాలుగు నెలల్లోనే అచ్చయి ఉండాలి.

అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి ముద్రణ చట్టం ప్రకారం ప్రెస్ పేరు, ఊరు వేయాల్సి ఉండేది గానీ నాదాంట్లో ఆ మూల చెదలు తినేసింది. మీదాంట్లో ఉంటే ముందు అదే చూడండి. వెల ఒక్కదాన్నే నమ్మకండి, 1957 తర్వాత కూడా కొన్నాళ్లు అణాల లెక్క నడిచింది. పునర్ముద్రణలకూ, వెల లేకుండా ఊరికే పంచిన యుద్ధకాలపు కరపత్రాలకూ ఈ పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందో చెప్పలేను.