కుందేలుకు బీమా తీసుకునే ముందు పళ్ల సంగతి చూడండి
పెంపుడు కుందేలుకు బీమా తీసుకునే ముందు, పాలసీ పత్రంలో పళ్ల గురించి ఏమి రాశారో వెతకండి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. సరిగా అరగకపోతే వెనుక పళ్ల అంచులు మొనదేలి నాలుకను, బుగ్గలను కోసేస్తాయి. మత్తు ఇచ్చి వాటిని అరగదీయించడం చాలాసార్లు ఒక్కసారితో తీరే ఖర్చు కాదు. దాన్నే మినహాయించిన పాలసీ నా దృష్టిలో దండగ. పాత జబ్బులకు, టీకాలకు సాధారణంగా ఎలాగూ డబ్బు రాదు. పేగుల కదలిక ఆగిపోతే వైద్యానికి ఎంతవుతుందో మీ పశువైద్యుణ్ణి అడగండి. అంత సొమ్ము విడిగా దాచిపెట్టగలిగితే బీమా లేకున్నా ఫరవాలేదు. లేకపోతే కుందేలు చిన్న వయసులో, ఆరోగ్యంగా ఉండగానే తీసుకోండి. బీమా ఉన్నా లేకున్నా, 12 గంటలు మేత ముట్టకపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.