వింటేజ్ స్టైల్ మీద ఇష్టం ఎలా మొదలవుతుంది? దాన్ని ఎలా పెంచుకోవాలి?

వింటేజ్ బట్టలు, అంటే కొన్ని దశాబ్దాల కిందటి బట్టలు వేసుకునేవాళ్లను "మీకు ఈ ఇష్టం ఎలా పట్టుకుంది?" అని అడిగి చూడండి. ఫ్యాషన్ చరిత్ర చదివి మొదలుపెట్టామని ఎవరూ చెప్పరు. ఒకరు అమ్మమ్మ పడుచుగా ఉన్నప్పటి ఫొటో చూశామంటారు. ఇంకొకరు నలుపు తెలుపు సినిమాలో హీరోయిన్ జుట్టు చూసి కళ్లు తిప్పుకోలేకపోయామంటారు. మరొకరికి పెట్టె అడుగున ఒక కోటు దొరికి ఉంటుంది. అందరికీ ఒక్క వస్తువుతోనే మొదలవుతుంది.

నాకు అది ఒక నీలం కాటన్ గౌను. ఎవరో వాడి వదిలేసిన బట్టల గుట్టలో దొరికింది. బయటినుంచి చూస్తే వెలిసిపోయిన మామూలు గౌనే. ఇంటికి తెచ్చి ఉతికే ముందు లోపలి వైపు తిప్పాను. కింది అంచు దగ్గర నాలుగు వేళ్ల వెడల్పున మడత ఉంది. మడత లోపల ఎండ తగలని నీలం, కొత్త బట్ట ఎంత నీలంగా ఉంటుందో అంత నీలంగా ఉంది. అసలు కుట్టు మిషన్ మీద వేసింది, గీత గీసినట్టుంది. మడత కుట్టు మాత్రం చేత్తో వేసింది. ఒక టాకా పొడుగు, ఒకటి పొట్టి, దారం రంగు కూడా సరిగ్గా కలవలేదు. పక్కన లోహపు జిప్ ఉంది. పొడుగు గౌన్ల కాలంలో కుట్టించుకున్న గౌను, పొట్టి గౌన్ల కాలం రాగానే ఎవరో ఇంట్లో కూర్చుని పైకి మడిచి కుట్టుకున్నారని నాకు అర్థమైంది. ఆ రోజు నుంచి పాత బట్ట ఏది చేతికొచ్చినా ముందు తిరగేసి చూస్తాను. ఈ ఇష్టం నిలబడాలంటే మీరూ అలాగే చూడటం అలవాటు చేసుకోవాలని నా నమ్మకం.

మొదటి అడుగు: మీ చూపు ఎక్కడ ఆగుతోందో పట్టుకోండి

"నాకు వింటేజ్ ఇష్టం" అనుకుంటే ఎక్కడా మొదలుపెట్టలేరు. సాధారణంగా 20 ఏళ్లు దాటినవన్నీ వింటేజ్ కిందే లెక్క, 100 ఏళ్లు దాటితే యాంటిక్ అంటారు. అది మహాసముద్రం. కాబట్టి ఓ రెండు వారాలపాటు నచ్చిన పాత ఫొటోలన్నీ ఫోన్లో ఒకచోట దాచుకోండి. తర్వాత వరసగా చూడండి. పది ఫొటోల్లో ఏడింట్లో ఒకే రకం కాలరో, ఒకే రకం కనుబొమ్మలో, ఒకే తీరు నడుమో కనిపిస్తుంది. మీ ఇష్టం అక్కడుందన్నమాట.

ఇంట్లోవాళ్లు "అవేం బట్టలు?" అంటే బాధపడకండి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పనిచేసిన జేమ్స్ లేవర్ 1937లోనే దీనికో లెక్క చెప్పాడు. ఆయన లెక్కలో ఒక ఫ్యాషన్ పోయిన పదేళ్లకు అసహ్యంగా, ఇరవై ఏళ్లకు నవ్వులాటగా కనిపిస్తుంది. యాభై ఏళ్లకు వింతగా ముచ్చటేస్తుంది, డెబ్భై ఏళ్లకు మనసు లాగుతుంది, నూట యాభై ఏళ్లకు అందంగా తోస్తుంది. ఇప్పుడైతే ఈ చక్రం ఇంకా వేగంగా తిరుగుతోంది. కానీ వరస మాత్రం నిజమే. అమ్మ వేసుకున్నది పాతదిగా అనిపించి, అమ్మమ్మ వేసుకున్నది అందంగా అనిపించడం అందుకే.

రెండో అడుగు: ఏ దశాబ్దానికి ఏ ఆకారమో గుర్తుపట్టండి

పేర్లు, తేదీలు బట్టీ పట్టనక్కర్లేదు. నడుము ఎక్కడుంది, భుజాలు ఎలా ఉన్నాయి, అంచు ఎంతవరకు వచ్చింది అని మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. 1920ల్లో నడుము గీత తుంటి దగ్గరికి జారి గౌను తిన్నగా వేలాడుతుంది. 1930ల్లో బట్టను ఏటవాలుగా కత్తిరించి కుట్టడం బాగా వ్యాపించింది. పారిస్‌లో మాడెలిన్ వియొన్నే ఇందులో ఆరితేరిన డిజైనర్. అలా కత్తిరిస్తే బట్ట సాగి, ఒంటి వెంట నీళ్లలా జారుతుంది.

1940లు నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలం, ఎందుకంటే అప్పటి స్టైల్ కొరతలోంచి పుట్టింది. బ్రిటన్‌లో 1941 జూన్ 1న బట్టలకు రేషన్ పెట్టారు. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు, అంతే. అంచులు మోకాలి దగ్గరికి వచ్చాయి, కుచ్చిళ్లు తగ్గాయి, భుజాలు గట్టిగా సైనికుల కోటులా తయారయ్యాయి. అమెరికాలో నైలాన్ మేజోళ్లు 1940 మే 15న దేశమంతటా అమ్మకానికి వచ్చాయి. కొద్ది కాలానికే ఆ నైలాన్ అంతా పారాషూట్లకు, యుద్ధ సామగ్రికి వెళ్లిపోయింది. మేజోళ్లు దొరకని ఆడవాళ్లు కాళ్లకు రంగు పూసుకుని, వెనక కుట్టు ఉన్నట్టు కనిపించడానికి కనుబొమ్మల పెన్సిల్‌తో పిక్కల మీద గీత గీసుకునేవారు. ఆ గీత సంగతి తెలిశాక 1940ల ఫొటోలు మునుపటిలా కనిపించవు.

1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ అనే డిజైనర్ చూపించిన బట్టలు ఎందుకంత గగ్గోలు పుట్టించాయో కూడా ఇప్పుడు తెలుస్తుంది. గుప్పెడంత నడుము, మీటర్ల కొద్దీ గుడ్డతో పిక్కలదాకా పరుచుకున్న స్కర్టు. అప్పటికి బ్రిటన్‌లో రేషన్ ఇంకా నడుస్తూనే ఉంది. అంత గుడ్డ చూసి కొందరికి ఒళ్లు మండింది, కొందరికి ప్రాణం లేచొచ్చింది. 1950లంతా ఆ ఆకారమే ఏలింది. 1960ల్లో నడుము మాయమై అంచు తొడల మీదికి ఎక్కింది, 1970ల్లో ప్యాంట్ల అడుగు వెడల్పయింది, 1980ల్లో భుజాల్లో దిండ్లు చేరాయి.

ఇవన్నీ కళ్లతో చూసి నేర్చుకోవాలి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం, జపాన్‌లోని క్యోటో కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ తమ బట్టల ఫొటోలు ఆన్‌లైన్లో పెట్టాయి.

మూడో అడుగు: బట్టలకంటే ముందు జుట్టు, పెదవులు

ఖర్చు తక్కువ, నచ్చకపోతే కడిగేసుకోవచ్చు. అందుకే ఇక్కడ మొదలుపెట్టమంటాను. 1920ల పెదవులు చిన్నగా, పై పెదవి మధ్యలో విల్లులా ఉంటాయి. 1940ల పెదవులు నిండుగా, ఎర్రగా ఉంటాయి. 1960లకొచ్చేసరికి పెదవులు పాలిపోయి, భారమంతా కళ్ల మీద పడింది. సన్నటి కనుబొమ్మల కోసం వెంట్రుకలు మాత్రం పీకేయకండి. అవి తిరిగి వస్తాయన్న భరోసా లేదు. కన్సీలర్‌తో (మచ్చలు కప్పే ఒంటిరంగు క్రీముతో) కప్పి పైన సన్నగా గీసుకోండి.

జుట్టుకు పిన్ కర్ల్స్ నేర్చుకుంటే 1930ల నుంచి 1950ల దాకా చాలా స్టైల్స్ చేతికి వస్తాయి. జుట్టు ముప్పావు వంతు ఆరాక కొంచెం జెల్ రాయండి. అంగుళం వెడల్పు పాయ తీసుకుని కొస నుంచి మొదలుదాకా వేలి చుట్టూ చుట్టి, నాణెంలా తలకు ఆనించి, రెండు పిన్నులు అడ్డంగా గుచ్చండి. ఒక వరసలోవన్నీ ఒకే వైపు తిరగాలి. స్కార్ఫ్ కట్టుకుని పడుకోండి. పొద్దున ఒక్క చుట్ట విప్పి చూడండి. ఏమాత్రం తడి తగిలినా మళ్లీ పిన్ను పెట్టేయండి. అన్నీ విప్పి దువ్వగానే జుట్టు గుబురుగా లేచి భయం వేస్తుంది. చాలామంది అక్కడే తల తడిపేసుకుంటారు. ఆపకండి. మెత్తటి బ్రష్‌తో ఇంకో పది నిమిషాలు దువ్వుతూ, రెండో చేత్తో నిమురుతూ ఉంటే ఆ గుబురు దానంతటదే అలలుగా సర్దుకుంటుంది. మొదటిసారి అది నా కళ్ల ముందు జరిగినప్పుడు అద్దం ముందు నుంచి కదల్లేకపోయాను.

ఒక హెచ్చరిక. పాత డబ్బాలు, పాత పౌడర్లు అందంగా ఉన్నాయని దాచుకోండి, ముఖానికి మాత్రం రాయకండి. 1930ల్లో ఫ్రాన్స్‌లో రేడియం కలిపిన ముఖం క్రీము అమ్మారు. అమెరికాలో లాష్ ల్యూర్ అనే రెప్పల రంగు వాడినవాళ్ల కళ్లు దెబ్బతిన్నాయి, చూపు పోయినవాళ్లూ ఉన్నారు. అలాంటివి చూశాకే 1938లో అక్కడ కొత్త చట్టం తెచ్చి అలంకరణ సామగ్రిని అదుపులో పెట్టారు. స్టైల్ పాతది కావచ్చు, రంగు మాత్రం కొత్త సీసాలోదే కావాలి.

నాలుగో అడుగు: కొనే ముందు లోపల చూడండి

పాత బట్ట లోపలి వైపు అబద్ధం చెప్పదు. ముందు జిప్ చూడండి. లోహపు జిప్ గౌను పక్కన ఉంటే 1940లు, 1950ల నాటిది అయ్యే అవకాశం ఎక్కువ. 1960ల్లో నైలాన్ జిప్‌లు వ్యాపించాయి. తర్వాత లేబుల్. అమెరికాలో ఉతికే పద్ధతి చెప్పే లేబుల్‌ను 1972 నుంచి తప్పనిసరి చేశారు. కాబట్టి అది ఉన్న అమెరికన్ గౌనును 1950ల నాటిదని అమ్ముతుంటే అనుమానించండి. లీవైస్ జీన్స్ అయితే ఎర్ర చీటీ మీద పేరులో ఇంగ్లిష్ 'E' అక్షరం పెద్దబడిలో (LEVI'S అని) ఉంటే 1971కి ముందుదన్నమాట. కానీ కంపెనీ పాత నమూనాలను మళ్లీ అదే చీటీతో తయారు చేస్తోంది, అందుకని చీటీ ఒక్కదాన్నే నమ్మకండి. ఏ ఒక్క గుర్తూ చాలదు, రెండు మూడు కలవాలి. జిప్‌లు మారుస్తారు, లేబుళ్లు కత్తిరిస్తారు.

ఆ తర్వాత గౌనును వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. పలచబడ్డ చోట్లు, చిమ్మెట కన్నాలు చుక్కల్లా కనిపిస్తాయి. చంకల కింద బట్టను రెండు వేళ్లతో మెల్లగా లాగండి, చెమట తిన్న బట్ట అక్కడే చిరుగుతుంది. ఊడిన కుట్టు, పోయిన గుండీ పెద్ద విషయం కాదు. కానీ పాత సిల్క్ మడతల వెంట సన్నగా చీలికలు పడుతుంటే వదిలేయండి. బరువు రావడానికి ఒకప్పుడు సిల్క్‌కు లోహ లవణాలు పట్టించేవారు, ఆ సిల్క్ కాలం గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. దాన్ని ఏ టైలరూ బాగుచేయలేరు.

ఐదో అడుగు: సైజు అంకె మర్చిపోండి, టేపు పట్టుకోండి

అప్పటి అంకెలు, ఇప్పటి అంకెలు ఒకటి కావు. లేబుల్ మీద 14 అని చూసి పెద్దదనుకుని తెస్తే భుజం కూడా దూరదు. బాగా నప్పే మీ గౌను ఒకటి బల్ల మీద పరిచి ఛాతీ, నడుము, తుంటి కొలిచి రాసి పెట్టుకోండి. కొనబోయేదాన్నీ అలాగే పరిచి కొలవండి. మీ ఒంటి కొలతకన్నా నడుము దగ్గర రెండు మూడు సెంటీమీటర్లు, ఛాతీ దగ్గర ఐదు సెంటీమీటర్లు వదులు ఉండాలి. పాత బట్టల్లో చాలావాటికి సాగే గుణం ఉండదు, ఊపిరి పీల్చుకోవాలి కదా! కుట్టు పక్కన గుడ్డ బాగా వదిలి ఉంటే కాస్త విప్పి పెంచుకోవచ్చు.

పాతవాటిలో చిన్న సైజులే ఎక్కువగా దొరుకుతాయి. అది మీ ఒంటి తప్పు కాదు, దానికోసం ఒళ్లు తగ్గించుకోవాలన్న ఆలోచన అసలే వద్దు. పాత తరహాలో కొత్తగా కుట్టినవి కొనుక్కోండి, లేదా పాత పేపర్ ప్యాటర్న్ (గుడ్డ కత్తిరించడానికి వాడే కాగితపు నమూనా) తెచ్చి మీ కొలతకు పెంచి కుట్టించుకోండి. సైజులవారీగా కాగితపు ప్యాటర్న్‌లను ఎబెనెజర్ బట్టరిక్ 1863లోనే అమెరికాలో అమ్మకానికి పెట్టాడు, ఇంట్లో కుట్టుకోవడం అంత పాత అలవాటు.

ఆరో అడుగు: ఒక్కొక్కటిగా వేసుకోండి

తల నుంచి కాళ్లదాకా ఒకే దశాబ్దం వేసుకుంటే మొదట్లో నాటకం వేషంలా అనిపించి టెన్షన్ వస్తుంది. మామూలు జీన్స్ మీద 1940ల బ్లౌజ్, లేదా మామూలు షర్టుకు పాత బ్రోచ్ (బట్టకు గుచ్చుకునే నగ) పెట్టుకుని బయటికి వెళ్లి చూడండి. రోజంతా ఒంటి మీద ఉన్న సంగతే మర్చిపోతే అది మీదైనట్టే.

ఏడో అడుగు: ఉతకడం, దాచడం

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నల్లటి రేయాన్ క్రేప్ గౌను ఒకటి తెచ్చి, కాటన్‌లాంటిదే కదా అని నీళ్లలో ముంచాను. చేతిలోనే ముడుచుకుపోయింది. మోకాలి కిందికి వచ్చే గౌను తీసేసరికి తొడల దగ్గరుంది. ఎంత సాగదీసినా పాత కొలతకు రాలేదు. అప్పటినుంచి ఏ బట్టయినా లోపలి మడతలో ఒక మూల ఒక్క చుక్క నీళ్లు వేసి చూస్తాను. ముడుచుకున్నా, రంగు వదిలినా డ్రైక్లీనింగ్‌కే.

ఏటవాలుగా కత్తిరించిన గౌన్లు, స్వెటర్లు హ్యాంగర్‌కు వేలాడదీస్తే సాగిపోతాయి, పడుకోబెట్టి దాచండి. ఉన్ని బట్టలు తినేది ఎగిరే చిమ్మెట కాదు, దాని పురుగు. కొత్తగా తెచ్చిన ఉన్ని కోటును ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకుండా ఉంచండి. కలరా ఉండల వాసన కంటే ఇదే మేలు. సెల్యులాయిడ్ (పాతకాలపు ఒక రకం ప్లాస్టిక్) గుండీలు, దువ్వెనలు ఉంటే ఇస్త్రీపెట్టె దగ్గరికి రానివ్వకండి, ఇట్టే అంటుకుంటాయి.

మడతల మధ్య యాసిడ్ లేని పలచటి కాగితం ఉండచుట్టి పెట్టండి. ఆరు నెలలకోసారి బయటికి తీసి గాలి తగలనిచ్చి, పాత మడత మీద కాకుండా ఓ రెండంగుళాలు జరిపి మళ్లీ మడవండి. ఆ పూట ఓసారి లోపలికి తిప్పి కుట్లన్నీ చూసుకోండి. దారం వదులైన చోట వెంటనే రెండు టాకాలు వేసేయండి.