పెరట్లో లాంగ్‌లీఫ్ పైన్ పెంచడం ఎలా?

నార్త్ కరోలినాలో ఇల్లు కొనుక్కుని, కరివేపాకు కుండీ పక్కన ఈ నేల చెట్టు కూడా ఒకటి ఉండాలనుకునేవాళ్లకు నేను చెప్పేది లాంగ్‌లీఫ్ పైన్. మా నాన్నగారు చూడగానే "సరుగుడే కదమ్మా" అన్నారు. కాదు. సరుగుడు పుల్లను లాగితే కణుపుల దగ్గర ఊడొస్తుంది. ఈ పైన్‌కు అడుగు పొడవుండే సూదులు మూడేసి ఒకే తొడిమలోంచి వస్తాయి.

ముందు చోటు చూసుకోండి. పెద్దయ్యాక 80 నుంచి 100 అడుగులు పెరుగుతుంది కాబట్టి ఇంటి గోడకు కనీసం 25 అడుగుల దూరం వదలండి. కరెంటు తీగల కింద వద్దు. రోజంతా ఎండ తగలాలి, నీళ్లు నిలవకూడదు, ఇసుక నేలైతే మరీ మంచిది. తవ్వబోయే ముందు 811కు ఫోన్ చేస్తే భూమిలోని పైపులు, తీగలు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టిస్తారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు నాటండి. పెద్ద కుండీలో వేళ్లు చుట్టుకుపోయిన మొక్క కన్నా చిన్న నారుమొక్కే మేలు. మట్టిగడ్డ పట్టేంత గుంత చాలు. నడిమి మొగ్గ మాత్రం మట్టిలో కూరుకుపోకూడదు, కప్పబడిపోతే మొక్క బతకడం కష్టం. ఎరువు అక్కర్లేదు. మొదటి ఏడాది వానలు లేనప్పుడు వారానికోసారి బాగా తడపండి.

అసలు ఓపిక పట్టాల్సింది ఆ తర్వాత. కొన్నేళ్లపాటు ఇది గడ్డి దుబ్బులాగే ఉంటుంది, కాండమే కనబడదు. చచ్చిపోయిందని పీకేయకండి. ఆ కాలమంతా తల్లివేరు లోతుకు దిగుతుంటుంది. దుబ్బును రెండు చేతులతో మెల్లగా విడదీసి చూడండి: మధ్యలో వెండిరంగు నూగుతో మొగ్గ కనిపిస్తుంది. అడవిలో మంట వచ్చినా చుట్టూ ఉన్న సూదులే దాన్ని కాపాడతాయి. పెరట్లో దానికి గండం గడ్డి కోసే మిషనే. నా మొదటి మొక్కను పచ్చిక కోయడానికి వచ్చినతను గడ్డి అనుకుని కోసేశాడు. రెండేళ్ల మొక్క, చాలా బాధేసింది. ఈసారి నాటిన రోజే చుట్టూ నాలుగు కర్రలు పాతి, ఎర్ర రిబ్బన్ కట్టాను. మీరూ అలాగే చేయండి, చుట్టూ కలుపును చేత్తోనే తీయండి.

వేరు కుదురుకున్నాక ఒక వసంతంలో తెల్లటి మొగ్గ కొవ్వొత్తిలా లేస్తుంది. అక్కణ్నుంచి ఏటా అడుగుల లెక్కన ఎదుగుతుంది. రాలిన సూదులను ఊడ్చి పారేయకుండా చెట్టు కిందే పరచండి, తేమ నిలుస్తుంది. ఎండిన సూదులు ఇట్టే అంటుకుంటాయి కాబట్టి ఇంటి గోడ వారన మాత్రం పోగు చేయకండి.