లినక్స్‌లో పాస్‌వర్డ్ కొట్టాక మళ్ళీ లాగిన్ స్క్రీనే వస్తోందా? ఇలా సరిచేయండి

పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కుతారు, స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడుతుంది, డెస్క్‌టాప్ వచ్చేస్తుందనుకునేలోపే మళ్ళీ అదే లాగిన్ స్క్రీన్ ప్రత్యక్షమవుతుంది. ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాలు వాడేవాళ్లలో చాలామంది ఇక్కడే టెన్షన్ పడిపోయి సిస్టమ్ మొత్తం మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఇలాంటప్పుడు మీ ఫైళ్లు చాలావరకు ఎక్కడివక్కడే ఉంటాయి.

"పాస్‌వర్డ్ తప్పు" అని మెసేజ్ వస్తే అది వేరే సంగతి, క్యాప్స్ లాక్, నమ్ లాక్, కీబోర్డ్ భాష చూసుకుంటే సరిపోతుంది. మెసేజేమీ లేకుండా వెనక్కి వస్తోందంటే మాత్రం పాస్‌వర్డ్ సరైనదే. సిస్టమ్ మిమ్మల్ని లోపలికి రానిచ్చింది, ఆ తర్వాత డెస్క్‌టాప్ మొదలవబోయి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో వెతకాలి.

1. సెషన్ మార్చి చూడండి

ఉబుంటు లాగిన్ స్క్రీన్‌లో మీ పేరు నొక్కాక కింద కుడివైపు గేర్ గుర్తు కనిపిస్తుంది. అందులో ఒకటికి మించి సెషన్లు (డెస్క్‌టాప్ మొదలయ్యే పద్ధతులు) ఉంటే ఇప్పుడున్నది కాకుండా ఇంకోటి ఎంచుకుని ప్రయత్నించండి. అరనిమిషం పని, దీంతోనే తెరుచుకుంటే డెస్క్‌టాప్‌లోంచే మిగతావి నింపాదిగా చూసుకోవచ్చు.

2. టెక్స్ట్ స్క్రీన్‌లోకి వెళ్ళండి

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి). నల్లటి స్క్రీన్ మీద యూజర్ పేరు అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనిపించవు, కీబోర్డ్ పని చేయట్లేదని కంగారు పడకండి, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. ఇక్కడ లోపలికి రాగలిగితే సగం గండం గట్టెక్కినట్టే.

కింద కమాండ్లను పలికినట్టు రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. హైఫన్ అంటే - గుర్తు, డాట్ అంటే చుక్క.

3. డిస్క్ నిండిపోయిందేమో చూడండి

అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది దీన్నే. "డీఎఫ్" అని కొట్టి, స్పేస్ ఇచ్చి, "హైఫన్ హెచ్" కొట్టండి. వచ్చే పట్టికలో చివరి గడిలో ఒక్క స్లాష్ గుర్తు మాత్రమే ఉన్న వరుస మీ ప్రధాన డిస్క్, హోమ్‌కి (మీ సొంత ఫైళ్లుండే ఫోల్డర్) వేరే వరుస ఉంటే అదీ చూడండి. వాటికి ఎదురుగా 100% అని ఉంటే దొంగ దొరికినట్టే. లూప్ అనే పేరుతో మొదలయ్యే వరుసలు ఉబుంటులో ఎప్పుడూ 100% చూపిస్తాయి, వాటిని వదిలేయండి. కమాండ్ కొడుతూ ట్యాబ్ నొక్కినప్పుడు "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని వచ్చిందా, ఇక సందేహమే అక్కర్లేదు.

డిస్క్ నిండితే లాగిన్ స్క్రీన్ మాత్రం ఎలా వస్తోంది అని మీకు అనిపించవచ్చు. ఉబుంటు మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను సర్దే పద్ధతి), పార్టిషన్‌లో (డిస్క్‌లోని ఒక భాగంలో) 5% జాగాను రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్) కోసం విడిగా ఉంచుతుంది, అంటే 100 జీబీ పార్టిషన్‌లో 5 జీబీ. రూట్ హక్కులతో నడిచే సర్వీసులు ఆ జాగాతో మామూలుగానే మొదలవుతాయి, మీ డెస్క్‌టాప్ మీ పేరు మీద నడుస్తుంది కాబట్టి ఒక చిన్న ఫైల్ రాసుకోవడానికి కూడా చోటు దొరక్క ఆగిపోతుంది.

జాగా చేయడానికి "సుడో ఏపీటీ క్లీన్" కొట్టండి (సుడో అంటే ఎస్, యూ, డీ, ఓ అక్షరాలు, కమాండ్‌ని రూట్ హక్కులతో నడిపిస్తుంది), డౌన్‌లోడ్ అయి పడున్న ప్యాకేజీలు పోతాయి. మీ హోమ్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అక్కర్లేని పెద్ద ఫైళ్లను "ఆర్ఎం" కమాండ్‌తో తీసేయండి, పేరు రెండుసార్లు చూసుకుని మరీ, ఎందుకంటే ఇవి ట్రాష్‌లోకి వెళ్ళవు. తర్వాత "సుడో రీబూట్".

4. ఫైళ్ల యజమాని ఎవరో చూడండి

గ్రాఫికల్ ప్రోగ్రామ్‌ని సుడోతో నడిపితే ఒక్కోసారి మీ హోమ్‌లోని ఫైళ్లు రూట్ పేరు మీదకి మారిపోతాయి. "ఎల్ఎస్ హైఫన్ ఎల్ఏ" కొట్టండి (ఎల్ఎస్ తర్వాత స్పేస్). పేరు దగ్గర ఒక్క చుక్క ఉన్న వరుస మీ హోమ్ ఫోల్డరే, అందులో మీ యూజర్ పేరు ఉండాలి. మింట్, జుబుంటుల్లో లాగిన్ చూసుకునేది లైట్‌డీఎం, అక్కడ "డాట్ ఎక్స్ఆథారిటీ" అనే ఫైల్ రూట్ పేరు మీద ఉంటే మీ సెషన్ దాన్ని తెరవలేదు. "ఎంవీ" కొట్టి, స్పేస్ ఇచ్చి పాత పేరు, మళ్ళీ స్పేస్ ఇచ్చి కొత్త పేరు కొట్టి దాని పేరు మార్చేయండి (పాత పేరులో ఎక్స్ మాత్రం పెద్ద అక్షరం), తర్వాతి లాగిన్‌లో కొత్తది దానంతటదే తయారవుతుంది.

5. గ్రాఫిక్స్ డ్రైవర్

ఎన్విడియా కార్డు ఉండి, అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే గొడవ మొదలైతే దీన్నే పట్టుకోండి. కొత్త కెర్నల్ (లినక్స్‌కి గుండెలాంటి ప్రోగ్రామ్) వచ్చి దానికి సరిపడే డ్రైవర్ తయారుకాకపోతే ఇలా జరుగుతుంది. కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఎస్కేప్ (పాత బయోస్ అయితే షిఫ్ట్) నొక్కితే గ్రబ్ మెనూ (సిస్టమ్ ఎలా మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) వస్తుంది, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకోండి. అది మామూలుగా తెరుచుకుంటే తప్పు కెర్నల్, డ్రైవర్ జోడీలోనే ఉంది. అప్పుడు ఇంటర్నెట్ ఉండగా "సుడో ఉబుంటు హైఫన్ డ్రైవర్స్ ఇన్‌స్టాల్" కొట్టి (హైఫన్‌కి ఇటూ అటూ స్పేస్ ఉండదు) రీబూట్ చేయండి. పాత కెర్నల్ కూడా మొరాయిస్తే గ్రబ్‌లో "ఈ" నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర "నోమోడ్‌సెట్" చేర్చి ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, డ్రైవర్ సరిచేసుకోవడానికి ఆ వ్యవధి చాలు.

అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోయి ఉంటే "సుడో డీపీకేజీ హైఫన్ హైఫన్ కాన్ఫిగర్ హైఫన్ ఏ" ఒకసారి నడపండి (డీపీకేజీ తర్వాత, కాన్ఫిగర్ తర్వాత స్పేస్, హైఫన్ల తర్వాత స్పేస్ ఉండదు), మధ్యలో ఆగినవి పూర్తవుతాయి.

6. కొత్త యూజర్‌తో పరీక్ష

పైవేవీ ఫలించకపోతే "సుడో యాడ్‌యూజర్" తర్వాత ఏదో ఒక పేరు ఇచ్చి కొత్త అకౌంట్ తెరిచి, దాంతో లాగిన్ అవ్వండి. అది హాయిగా తెరుచుకుంటే సిస్టమ్ బాగానే ఉంది, లోపం మీ హోమ్‌లోని సెట్టింగుల్లోనే: ఈమధ్య "డాట్ ప్రొఫైల్" ఫైల్‌లో చేర్చిన వరుసలు ముందు తీసి చూడండి. కొత్త అకౌంట్ కూడా వెనక్కే వస్తుంటే, రీఇన్‌స్టాల్ గురించి అప్పుడు ఆలోచించండి, అదీ లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి హోమ్ ఫోల్డర్ మొత్తం బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే.